కుళాయి కోర్టు

జూన్ 20

అక్కా,

ఇందుమూలంగా మన కుటుంబ సభ్యులందరికీ, ముఖ్యంగా పెద్ద ఆఫీసులో చేరాక తమ్ముణ్ణి మర్చిపోయిన అక్కగారికి తెలియజేయడమేమనగా, నిన్న ఉదయం నా ఎడమకాలి చెప్పు తెగిపోయినది. కుడికాలిది ప్రస్తుతానికి క్షేమం. పరామర్శకు వచ్చేవారు కొత్త జతతో రావలెను.

ఇక చిల్లర సంగతులు. నీ కార్యక్రమం మా వీధిలో బాగానే నడుస్తోంది. దాని పేరేంటన్నావు? సుస్థిర అభివృద్ధి విద్య కోసం బడులూ సమాజమూ ప్రాంతీయ భాగస్వామ్యం. అది ఒక్క గుక్కలో చదివేసరికి నాకు దాహం వేసింది. అందుకేనేమో మేం నీళ్ళతో మొదలుపెట్టాం.

బడి వెనకగోడకి పిల్లలు చేతులు కడుక్కునే కుళాయిలున్నాయి కదా, ఆ నీళ్ళన్నీ ఊరికే మురికికాలవలోకి పోయేవి. బడివాళ్ళూ వీధివాళ్ళూ కూర్చుని మాట్లాడుకున్నాక, నేనే గోడకి కన్నం పెట్టి పైపు ఇవతలికి లాగాను. మధ్యలో ఇసుకా కంకరా నింపిన డ్రమ్ము పెట్టాను. చెత్త పారబోసే జాగాలో ఇప్పుడు టమాటాలు, పాలకూర, ఎటు పాకాలో తెలియక టైలరమ్మ కిటికీ ఎక్కిన గుమ్మడిపాదు. తరగతికో రోజు చొప్పున పిల్లలొస్తారు. టైలరమ్మ నారు పోయడం చూపిస్తుంది. సెలూనాయన కత్తిరించిన జుట్టు సంచిలో తెచ్చి ఎరువుగుంటలో వేస్తాడు, "జాగ్రత్త, రేపు ఇక్కడ మీ తలకాయలు మొలుస్తాయి" అని పిల్లల్ని బెదిరిస్తాడు. నేను కుళాయి విప్పడం, వాషర్ మార్చడం నేర్పుతాను. బడి మధ్యలో మానేసిన నన్ను పట్టుకుని "సార్" అంటున్నారు. వింటుంటే చక్కిలిగింతలు పెట్టినట్టుంది.

అన్నట్టు అసలు కబురు మర్చిపోయాను. పిల్లలు కుళాయి కోర్టు పెట్టారు! పెద్ద టీచరుగారి నల్లగొడుగు కింద ఎవరు నిలబడితే వాళ్ళు జడ్జి. మొదటి కేసు సెలూనాయన మీద. షాపులో కుళాయి కారుతున్నా వాషర్ మార్చలేదని. వారం రోజులు బిందెతో మొక్కలకి నీళ్ళు మొయ్యమని తీర్పు. ముద్దాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కోర్టు కరగలేదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్‌లో నువ్వు "సరే సరే, మీటింగుంది" అని పెట్టేస్తావు. కాగితానికి మీటింగు లేదు.

ఒంటిచెప్పుతో,
నీ తమ్ముడు

*

జూన్ 29

ఒరేయ్,

నీ చెప్పు మృతికి మా ఆఫీసు తరఫున ప్రగాఢ సంతాపం. మీ బావ పాతజత పంపమంటారా అని అడుగుతున్నారు. నీ పాదం సైజు పడవంత అని నేనే వద్దన్నాను.

పైపు, తోట వినడానికి ఎంత బాగుందో. మిగతా ఊళ్ళ బడుల నుంచి నాకు ఫొటోలు వస్తాయి, బ్యానర్లు వస్తాయి. పని జరిగిన కబురు రావడం తక్కువ. పోయిన నెల ఒక బడివాళ్ళు ప్లాస్టిక్ పూలతో "పచ్చదనం" అని రాసి పంపారు, ఏం చెయ్యను?

కుళాయి కోర్టు సంగతి చదివి నా పక్కసీటావిడకి చదివి వినిపించాను. తరవాత ఆగలేక దాన్ని ప్రాంతీయ నివేదికలో పెట్టాను. మా పెద్దసారు చదివి ఒకటే పొంగిపోతున్నారు. "పిల్లలే న్యాయమూర్తులు! ఇది అన్ని బడులకీ నమూనా" అంటున్నారు. నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు కూడా. ఇన్నాళ్ళ ఉద్యోగంలో ఆయన గదిలో నాకు కుర్చీ దొరకడం ఇదే మొదలు.

ఇంకా వివరాలు కావాలట. కోర్టు ఎప్పుడు కూర్చుంటుంది, ఎలాంటి శిక్షలు వేస్తారు, అన్నీ రాయి. మరదలిని అడిగానని చెప్పు.

అక్క

*

జూలై 6

శ్రీమతి అక్కగారి దివ్యసముఖమునకు,

నా చెవిలో పువ్వు పెడదామనా? ప్రాంతీయ నివేదికట, పెద్దసారట, కాఫీట! చిన్నప్పుడు నా దస్తూరికి మొదటి బహుమతి వచ్చిందని బడి పేరుతో దొంగ ఉత్తరం రాసి, నన్ను ఇస్త్రీ చొక్కాతో హెడ్మాస్టరు గది ముందు నిలబెట్టింది ఎవరు? ఆయన నా రాత చూసి, "బహుమతా? దీన్ని చదివినవాడికివ్వాలి" అన్నాడు. అది నేను మర్చిపోయాననుకున్నావు. మళ్ళీ నీ పప్పులు ఉడకవు.

సరే, నువ్వడిగావు కాబట్టి మీ పెద్దసారుకి చెప్పు. కోర్టు ప్రతి శనివారం కూర్చుంటుంది. బంట్రోతు బక్కెట్టు మీద గరిటెతో కొట్టి "నిశ్శబ్దం" అంటాడు. సెలూనాయన రెండోసారి పట్టుబడ్డాడు. గడ్డం గీసేటప్పుడు కుళాయి తిప్పి వదిలేశాడట. ఈసారి ఒక నెల గిరాకీలందరికీ "నేను నీళ్ళదొంగని" అని చెప్పి మరీ గీయాలని తీర్పు. అప్పీలు మీ మరదలి దగ్గరికి పోయింది. పైకోర్టు ఆవిడే. కింది కోర్టు కంటే ఆవిడే కఠినం, అది నాకు అనుభవమే.

ఈ వివరాలు చాలునా? కుర్చీ వేయించారుగా, ఈసారి బిస్కెట్లు కూడా అడుగు.

కోర్టు ప్లంబరు,
నీ తమ్ముడు

*

జూలై 15

ఒరేయ్,

నీ వెటకారం పక్కన పెట్టి విను. వివరాలు అందాయి, అన్నీ చేర్చాను. నివేదిక అచ్చయింది, అన్ని బడులకీ వెళ్ళింది. వచ్చే నెల మొదట్లో పెద్దసారు, మిగతా ఊళ్ళ బడుల ప్రతినిధులు మీ వీధికి వస్తారు. కోర్టు చూడటానికే.

ఒక్క సంగతి నాకు నచ్చలేదు. కోర్టు అందరికీ కనబడాలని బడి వెనక వేదిక కడతారట. సిమెంటు వేదిక. ఎక్కడా అంటే ఖాళీ జాగాలో అన్నారు. అది ఖాళీ కాదు, తోట అన్నాను. "మొక్కలు మళ్ళీ పెట్టుకోవచ్చు, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు" అన్నారు. గోడ కన్నం కూడా మూసేసి దాని మీద కోర్టు బొమ్మ గీయిస్తారట. పైపు వేలాడుతుంటే బాగుండదట.

నేను వాదిస్తున్నాను. కానీ కోర్టు మూలంగా ఇంత పేరొచ్చింది కదా, పిల్లలకి మంచిదేమో అని ఒక మనసు. ఇంకో మనసుకి ఆ గుమ్మడిపాదు గుర్తొస్తోంది. నువ్వేమంటావు? కొలతలకి మనుషులొస్తారు, గొడవ పెట్టుకోకు.

అక్క

*

జూలై 19

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మీటింగులో ఉన్నావో, నా మీద కోపంలో ఉన్నావో. కోపం ఇంకా రాలేదనుకుంటే ఇప్పుడొస్తుంది, కూర్చుని చదువు.

కుళాయి కోర్టు లేదు.

ఎప్పుడూ లేదు. గొడుగు లేదు, బక్కెట్టు లేదు, నీళ్ళదొంగ లేడు. నీ ముఖాన నవ్వు తెప్పిద్దామని రాశాను. రెండో ఉత్తరం, నువ్వు నన్ను ఆడిస్తున్నావనుకుని, నేనూ నిన్ను ఆడిద్దామని రాశాను. నీ ఉత్తరం నిజమని నాకెప్పుడు తెలిసిందంటే, నిన్న పొద్దున ఇద్దరు మనుషులొచ్చి పాలకూర మడి మీద సున్నం గీతలు గీసినప్పుడు.

"ఏంటిది?" అన్నాను.

"కోర్టు" అన్నాడొకడు. "నివేదికలో ఉందిగా."

అంతటితో అయిందా? బడికి నివేదిక వచ్చింది. పెద్ద టీచరుగారు అది చదివి నన్ను పిలిచి, దాన్ని నా చేతిలో పెట్టి తరగతికి వెళ్ళిపోయింది. తిట్టుంటే బాగుండేది. సెలూనాయన తన గిరాకీ చేతే చదివించుకున్నాడు. "సెలూను యజమాని, రెండుసార్లు శిక్ష పడినవాడు" అని అచ్చులో ఉంది కదా! నేను వెళ్ళి తప్పయిపోయిందన్నాను. కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. సబ్బు పూశాడు. సగం మీసం గీసేసి, "మిగతా సగానికి అప్పీలు చేసుకో, పైకోర్టు ఇంట్లోనే ఉందిగా" అన్నాడు. ఆ సగంతోనే తిరుగుతున్నాను.

టైలరమ్మ ఒక్కతే అడిగింది, "కోర్టు లేకపోతే వేదిక ఎందుకు కడతారు? మీ అక్కకి రాయి, ఆపేస్తారు" అని. అందుకే రాస్తున్నాను. ఆపించు అక్కా. ఉద్యోగానికి ఏమన్నా అయితే నన్ను కొట్టు, తోట మాత్రం పోకూడదు.

తమ్ముడు

*

జూలై 24

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి ముందు దాన్ని చింపేశాను. తరవాత ముక్కలు అతికించుకుని మళ్ళీ చదివాను. నిన్ను ఎన్ని తిట్టుకున్నానో మీ బావ సాక్షి.

తప్పు నీ ఒక్కడిదీ కాదు. నిన్ను పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. అయినా నీ మాటని ఒక్కసారి వచ్చి చూడకుండా నివేదికలో పెట్టాను. ఎందుకంటే చదవడానికి బాగుంది. నా వయసుకి అది సిగ్గుపడాల్సిన కారణం.

పెద్దసారు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన, "పిల్లలు చురుగ్గానే ఉంటారుగా? వారంలో నేర్పేయొచ్చు. ఒక్కరోజు కోర్టు నడిస్తే చాలు, అప్పుడు నివేదికా నిజమవుతుంది" అన్నారు. నేను చెప్పేది ఆయనకి అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పాను. అర్థమైందట. సవరణ అచ్చు వేయించనన్నారు. వేదిక కాగితం మీద సంతకం పెట్టమన్నారు.

పెట్టలేదు.

నిన్నటి నుంచి నేను ఆ కార్యక్రమంలో లేను. మళ్ళీ పాత టీచరు పనికి, తరగతి గదికి పంపేశారు. ఊరి చివరి చిన్న బడి, విరిగిన బల్లలు. కుర్చీ మాత్రం ఉంది, ఎవరి దయా అక్కర్లేదు.

నేర్పడానికి మనుషుల్ని పంపుతారు. నా ఉద్యోగం కాపాడదామని ఆ నాటకం ఆడించావో, నీ గుమ్మం తొక్కను. పిల్లలకి నీళ్ళ గురించి నేర్పుతామని బయల్దేరి అబద్ధం ఆడటం నేర్పితే, ఇక ఆ పైపెందుకు?

నేను రాలేను. రావొద్దని కాగితమిచ్చారు. నువ్వే చూసుకో.

అక్క

*

ఆగస్టు 4

అక్కా,

కొంగు బిగించుకుని చదువు. ఇలాంటి రోజు మా వీధి ఎన్నడూ చూడలేదు.

ముందు నేర్పడానికొచ్చిన అబ్బాయి సంగతి. మంచివాడే పాపం, చేతిలో కాగితాలు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, "నువ్వు జడ్జివి, నువ్వు బంట్రోతువి" అన్నాడు. ఒక పిల్ల లేచి, "సెలూను మావయ్య కుళాయి కారడం లేదు, మేం పోయినవారమే చూశాం. మరి శిక్ష దేనికి వెయ్యాలి?" అంది. అతను కాగితం తిరగేశాడు. పెద్ద టీచరుగారు, "నాయనా, మా పిల్లలకి నాటకమంటే ఇష్టమే. ఇది నాటకమని ముందే చెప్పి ఆడమంటే ఆడతారు. చెప్పొచ్చా?" అంది. అతను ఆఫీసుకి ఫోన్ చేశాడు. చెప్పకూడదన్నారు. "అయితే వెళ్ళిరా" అంది.

నిన్న వచ్చారు. ముందు సిమెంటు, ఇటుకల లారీ. వెనక పెద్దసారు కారు. దాని వెనక వ్యాను నిండా మిగతా ఊళ్ళ బడులవాళ్ళు. వచ్చి చూస్తే ఏముంది? తోటలో పిల్లలు. గీసిన సున్నం గీతల మధ్యే కూర్చుని కలుపు తీస్తున్నారు. టైలరమ్మ కుట్టుమిషను ఎత్తించుకొచ్చి మడి గట్టున పెట్టుకుని ఎవరిదో లాగు కుడుతోంది. మా ఆవిడ ఎరువుగుంట పక్కన. సెలూనాయన కుర్చీ బయట వేసి ఎవరికో గడ్డం గీస్తున్నాడు. ఎవరూ కేకలు వెయ్యలేదు. లేవలేదు, అంతే.

లారీవాడు హారన్ కొట్టాడు. టైలరమ్మ తలెత్తకుండా, "బాబూ, దారం తెగుతుంది" అంది.

"కోర్టు ఎక్కడ?" అన్నాడు పెద్దసారు.

"లేదండీ" అంది పెద్ద టీచరు. "ఎప్పుడూ లేదు. ఉన్నది చూపిస్తాను రండి" అని బడిలోపలి కుళాయి తిప్పించింది. పైపులో గుడగుడ, డ్రమ్ములోంచి ధార, మడిలోకి నీళ్ళు. అదే సమయానికి నేను బిగించిన జాయింటు ఊడి వ్యానువాళ్ళ మీద చిమ్మింది. వాళ్ళలో ఏటిగట్టు బడి వంటావిడ తడిసిన చెంగు పిండుకుంటూ, "ఈ డ్రమ్ములో ఏం పోశారు? మా గిన్నెలు కడిగిన నీళ్ళకి పనికొస్తుందా?" అని నన్ను పట్టుకుంది.

పెద్దసారుకి కోపమొచ్చింది. "అవన్నీ తరవాత. నివేదికలో రాసింది జరగాలి. పిల్లల్ని లేపండి" అన్నాడు. అప్పుడు నేను ముందుకెళ్ళాను. ఆయన కళ్ళల్లోకి చూసి, "సార్, ఆ అబద్ధం మా వీధిలో పుట్టింది. చెప్పినవాడు వెనక్కి తీసేసుకున్నాడు. మీరెందుకింకా పట్టుకుని వేళ్ళాడుతున్నారు?" అన్నాను. వ్యానువాళ్ళందరూ చప్పట్లు! పెద్దసారు వెనక్కి అడుగేసి ఎరువుగుంటలో మోకాలిదాకా దిగబడ్డాడు. మా వీధి తలలన్నిటి జుట్టూ ఆయన కాలికి పట్టుకుంది. లారీ వెనక్కి తిరిగిపోయింది.

నువ్వుండుంటే!

వీరుడు,
నీ తమ్ముడు

*

ఆగస్టు 10

ఒరేయ్ వీరుడా,

చదివి నవ్వాను. తరవాత ఏడ్చాను. ఇప్పుడు పని చెప్తాను.

నిన్న ఏటిగట్టు బడి వంటావిడ, ఇంకో ఊరి సైన్సు మాస్టారు నా తరగతి వెతుక్కుంటూ వచ్చారు. విరిగిన బల్ల మీదే కూర్చున్నారు. మీ పైపు లాంటిది వాళ్ళ బడుల్లోనూ పెట్టుకుంటారట. "ఆఫీసు మమ్మల్ని కలపకపోతే మేమే కలుస్తాం, మీరు రాస్తూ ఉండండి" అన్నారు. ఎవరి బడిలో ఏం చేశారు, ఏం పాడైంది, ఏం పనిచేసింది, ఊళ్ళ మధ్య తిరిగే ఒక పత్రిక. మొదటిది మీ వీధి గురించే.

పెద్దసారు అప్పుడే ఒక కాగితం తిప్పుతున్నారు. "ఆ వీధి ప్లంబరు కట్టుకథల మనిషి, అక్కడ ఏ పనీ జరగలేదు" అని. కాబట్టి విను. నా పత్రికలో ఒక్క అబద్ధం దొరికినా, తోట కూడా అబద్ధమైపోతుంది. ఈసారి నేను చూడకుండా రాయను, రావొద్దన్న వాళ్ళ కాగితం ఏమన్నా సరే, శనివారం వస్తున్నాను. కానీ జరిగిపోయినవాటిని చూడలేనుగా. నీ ఉత్తరాల్లో ఏది కల్పనో దాపరికం లేకుండా రాసి పంపు. నవ్వించకు.

అక్క

*

ఆగస్టు 14

అక్కా,

నవ్వించను.

కోర్టు, గొడుగు, బక్కెట్టు, శిక్షలు, అప్పీలు: అన్నీ నేను పుట్టించినవే. అది నీకు తెలుసు.

సగం మీసం కల్పన. సెలూనాయన నా మీద కత్తి ఎత్తలేదు. నేను తప్పయిపోయిందన్నప్పుడు తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ నాతో మాట్లాడలేదు. మీసం పోయిందని రాస్తే నీకు నవ్వొస్తుంది, అందుకే రాశాను. నిజం రాస్తే నాకు ఏడుపొస్తుంది.

పెద్దసారు ఎరువుగుంటలో పడలేదు. గుంట అంచుకి కూడా రాలేదు. చప్పట్లు లేవు. వ్యానువాళ్ళు చాలామంది నేల చూపులు చూశారు. ఇద్దరుముగ్గురు వ్యానులోంచి దిగనేలేదు.

పిల్లలు లేవకపోవడం నిజం. టైలరమ్మ మిషను, దారం మాట నిజం. ఆ పిల్ల అడిగింది నిజం, పెద్ద టీచరు చెప్పింది ప్రతి ముక్కా నిజం. జాయింటు ఊడటం నిజం. నా పనితనం ఆ రోజు అంత బాగుంది. వంటావిడ అడిగిందీ నిజం. లారీ వెళ్ళిపోవడం నిజమే కానీ భయపడి కాదు. లారీవాడికి మధ్యాహ్నానికి వేరే కిరాయి ఉందట, సామాను దింపితే దింపండి, లేకపోతే పోతానన్నాడు. దింపడానికి జాగా ఎవరూ ఇవ్వలేదు.

ఇక అసలుది. పెద్దసారుతో నేనేమీ అనలేదు. పానా పట్టుకుని డ్రమ్ము వెనక నిలబడ్డాను. ఆ మాటలన్నది సెలూనాయన. సబ్బు నురగ చేత్తోనే లేచొచ్చి, నన్ను చూపించి, "వీడు ఒట్టి అబద్ధాలకోరు. నా పేరు పాడుచేశాడు. కానీ వీడి అబద్ధాన్ని వీడు వెనక్కి తీసుకున్నాడు. మీరెందుకింకా పట్టుకుని వేళ్ళాడుతున్నారు?" అన్నాడు. నా మాటగా రాసుకున్నాను. పత్రికలో ఆయన మాటగా వెయ్యి, ఆయన్ని అడిగి వెయ్యి.

ఇప్పుడు చెప్పబోయేది నీకింకా తెలియదు. నిన్న పెద్దసారు మనుషులు గోడకి నోటీసు అంటించారు. కన్నం మూసెయ్యాలని. ఆ పని చెయ్యమని నన్నే పిలిచారు. ఇక్కడి బడుల కార్యాలయం వరండాలో ఇద్దరు బంట్రోతులు, ఒక గుమాస్తా, నేను. చెయ్యనన్నాను. "బడి పనులు ఇక నీకు రావు" అన్నాడు గుమాస్తా. వద్దన్నాను. మా ఆవిడకి చెప్తే, "చెప్పుకోదగ్గ పని ఇన్నాళ్ళకి ఒకటి చేశావు" అంది. ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు. గుమాస్తా పేరు అడుగు, చెప్తాను.

రేపో ఎల్లుండో ఇంకో ప్లంబరు వస్తాడు. సిమెంటు పెట్టి మూస్తాడు. తడి ఆరేలోపు నేను తవ్వుతాను. మళ్ళీ మూస్తే మళ్ళీ తవ్వుతాను. ఇది జరగబోయేది కాబట్టి నిజమో కల్పనో ఇప్పుడే చెప్పలేను. శనివారం నువ్వే చూసి రాయి.

తమ్ముడు